జపాన్ క్రూజర్ చోకాయ్ గురించి తెలిసినవాళ్లు సాయం చేయగలరా?

అందరికీ నమస్కారం. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి కదా. విమానాలు వచ్చింది ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి. ఆ జపాన్ నౌకల దళాన్ని నడిపిన అడ్మిరల్ ఒజావా మాత్రం చోకాయ్ అనే హెవీ క్రూజర్‌లో (పెద్ద ఫిరంగులున్న వేగవంతమైన యుద్ధనౌకలో) ఉన్నాడు. ఆ రోజు మూటాముల్లె సర్దుకుని పల్లెకు పరుగెత్తిన సంగతి మా అమ్మమ్మ చెప్పేది. అందుకే ఈ ఓడ నన్ను వదలట్లేదు.

1932లో నౌకాదళంలో చేరింది, పది 8 అంగుళాల ఫిరంగులు. 1942 ఆగస్టులో పసిఫిక్‌లోని సోలమన్ దీవుల్లో సావో దీవి దగ్గర ఒక్క రాత్రిలో నాలుగు మిత్రపక్ష క్రూజర్లను దెబ్బతీసి ముంచిన దళానికి ఇదే ప్రధాన నౌక. 1944 అక్టోబరు 25న ఫిలిప్పీన్స్‌లోని సమార్ దీవి దగ్గర దీని కథ ముగిసింది. ఇంతవరకూ చదివాను.

నాకు కావలసింది బంగాళాఖాతంలో గడిపిన ఆ కొద్ది రోజులు. చోకాయ్ ఏ రోజు ఎక్కడుంది? ఏయే సరుకు ఓడలను స్వయంగా ముంచింది? జపాన్ నౌకాదళ రికార్డులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి కానీ నాకు జపనీస్ రాదు. చదవగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అప్పట్లో ఒడ్డుకు చేరిన నావికుల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినవి ఉన్నా దయచేసి రాయండి.