అప్‌డేట్: లిబర్టీ ఓడ దగ్గర ఎంత గాలి మిగిలినప్పుడు పైకి రావాలి

బాలిలోని తులంబెన్ దగ్గర మునిగి ఉన్న యూఎస్ఏటీ (అమెరికా సైనిక రవాణా) లిబర్టీ సరుకు ఓడని చూసే స్కూబా డైవ్‌కి 11 లీటర్ల గాలి సిలిండర్ చాలుతుందా, ఎప్పుడు పైకి బయల్దేరాలి అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చాలుతుంది, లెక్క ఇదీ.

28 మీటర్ల లోతులో పీడనం 3.8 బార్ (పీడనం కొలిచే యూనిట్), అంటే ఉపరితలం మీద కంటే 3.8 రెట్లు గాలి ఖర్చవుతుంది. జోడీలో ఒకరి గాలి అయిపోయి ఒకే సిలిండర్ నుంచి ఇద్దరు కంగారుగా పీలిస్తే ఉపరితలం లెక్కన నిమిషానికి 50 లీటర్లు. కింద సర్దుకోవడానికి ఒక నిమిషం, అంటే 190 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దాకా ఎక్కడానికి దాదాపు 345. అక్కడ 3 నిమిషాల సేఫ్టీ స్టాప్‌కి (ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవడానికి ఆగడం) 225. మొత్తం 760 లీటర్లు, 11 లీటర్ల సిలిండర్‌లో అంటే దాదాపు 70 బార్. గేజ్‌లో అంత మిగిలి ఉండగానే పైకి బయల్దేరాలి. 50 బార్ మిగలనిమ్మనే మామూలు సలహా ఈ లోతులో ఇద్దరికి సరిపోదు.

ఓడ సుమారు 5 నుంచి 30 మీటర్ల వరకు వాలుగా పడి ఉంది కాబట్టి ముందు లోతైన వైపు చూసి, తర్వాత ఓడ పక్కనే మెల్లగా పైకి రావచ్చు. గాలి, సమయం రెండూ ఆదా.

32 శాతం నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు పెంచిన గాలి) అయితే ఆక్సిజన్ పీడనానికి ఉన్న 1.4 బార్ పరిమితి ప్రకారం 33 మీటర్ల లోతు దాటకూడదు. సిలిండర్‌లో ఆక్సిజన్ శాతాన్ని ఎవరికి వారే అనలైజర్‌తో కొలవాలి, చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌లోనూ మార్చాలి. మామూలు గాలి సెట్టింగ్‌లోనే వదిలేస్తే ఆక్సిజన్ లోతు పరిమితి దాటినా అది హెచ్చరించదు.

ఒడ్డంతా జారే గుండ్రాళ్లు. ఫిన్స్ (ఈత రెక్కలు) నడుములోతు నీళ్లలోకి వెళ్లాకే తొడగండి.

1942లో టార్పెడో దెబ్బ తిని ఒడ్డుకు చేరి, 1963 అగుంగ్ అగ్నిపర్వత విస్ఫోటంతో నీళ్లలోకి జారిన ఇనుము ఈ ఓడ. రేకుల మీద చేతులు వేయకండి.