తండ్రి అలా పోయిన ఇంటికి పిల్లనివ్వొచ్చా?

పరకాల అన్న:
మా చెల్లెలికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి హనుమకొండలో ఉద్యోగం, నెమ్మదస్తుడు, చెల్లెలికి నచ్చాడు. వాళ్ల నాన్న 1998లో, పురుగు పడి పత్తి పోయిన ఏడాది, ఆత్మహత్య చేసుకున్నాడట. అప్పుడు అబ్బాయికి మూడేళ్లు. "ఆ ఇంటి రక్తంలోనే ఉంది, రేపు మన పిల్ల గతేంది" అని మా చిన్నమ్మ ఒకటే గొడవ. బాపు ఏమీ మాట్లాడడు. వదులుకోవాలా? సూటిగా చెప్పండి.

కాజీపేట జంక్షన్:
చిన్నమ్మను తిట్టే ముందు ఒక్క మాట. ఇది వంశంలో నడుస్తుందని డాక్టర్లే అంటారు. డెన్మార్క్‌లో దత్తత వెళ్లి, పెద్దయ్యాక ఆత్మహత్య చేసుకున్నవాళ్ల మీద 1979లో ఒక పరిశోధన వచ్చింది. వాళ్ల రక్తసంబంధీకులు 269 మందిలో 12 మంది అలాగే పోయారు. పోల్చడానికి తీసుకున్న ఇంకో 269 మందిలో ఇద్దరే. పెంచిన ఇళ్లలో ఒక్కరూ లేరు. అంటే పుట్టుకతో వచ్చేది కొంత ఉంది. షుగర్ ఉందా అని అడుగుతాం కదా, ఇది అడిగితే తప్పేంటి?

ములుగు రోడ్డు:
అడగండి. అడిగి సంబంధం తెంపుకోవడం దగ్గరే నా పేచీ. మిగతా 257 మందికి అలా జరగలేదు కదా. పైగా వచ్చేది చావు కాదు, డిప్రెషన్ లాంటి జబ్బు రావచ్చు, దానికి వైద్యం ఉంది. 98 సంగతి మరిచిపోయారా? వరంగల్ జిల్లాలో అప్పుడు ఎన్ని ఇళ్లలో పాడె లేచింది! అన్ని ఇళ్ల రక్తం ఒకే ఏడాది పాడైందా?

కాజీపేట జంక్షన్:
అప్పు ఊరందరికీ ఉండె. అందరూ పోలేదు.

ములుగు రోడ్డు:
అందుకే ఒక్క కారణం మీద తోసెయ్యకండి అంటున్నా. అప్పు మీదైనా, రక్తం మీదైనా.

రాయపర్తి:
నేను ఆ అబ్బాయి లాంటివాణ్నే. 2006లో బాపు పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పరిహారం విచారణకు వచ్చినవాళ్లు అరుగు మీద కూర్చుని నన్ను పిలిచారు. "మీ బాపు రోజూ తాగేవాడా బిడ్డా?" తలుపు చాటు నుంచి అమ్మ లేదని తల ఊపింది. నేనూ లేదన్నా. అవునంటే పైసలు రావని అప్పటికే తెలుసు.

ఆ తర్వాత ఇంట్లో బాపు మాటే లేదు. ఫొటో బీరువాలో చీరల కింద ఉండేది. బడి నుంచి ముందుగా వచ్చిన రోజు తీసి చూసుకుని, మడత చెడకుండా మళ్లీ పెట్టేవాణ్ని. డిగ్రీలో ఉండగా నాకూ పాడు ఆలోచనలు వచ్చాయి. "ఇంట్లో ఎవరైనా ఇలా పోయారా" అని డాక్టర్ అడిగాడు. బయటి మనిషికి చెప్పడం అదే మొదలు. చికిత్స అక్కడి నుంచే దారిలో పడింది. అదే ప్రశ్న పెళ్లిళ్ల పేరయ్య అడిగితే రెండు సంబంధాలు పోయాయి. ఈసారి గుండెపోటని చెప్పమంటోంది అమ్మ.

ములుగు రోడ్డు:
తమ్ముడూ, మళ్లీ ఎప్పుడైనా అలా అనిపిస్తే ఒక్కడివే ఉండకు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉంది, నంబర్ 14416, ఉచితం. రాత్రైనా పగలైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆజంజాహి మనవరాలు:
కౌన్సెలింగ్ చదివినదాన్ని, అందుకని చెప్తున్నా. అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల చిన్నతనం గురించి అడిగారు. కొట్టారా, అమ్మను కొట్టేవాళ్లా, ఇంట్లో తాగుడు ఉండేదా, ఇలాంటివి. 2001లో ఆ లెక్కలు తీస్తే, వాటిలో ఏ ఒక్కటున్నా ఆత్మహత్యాయత్నం ముప్పు రెండు నుంచి ఐదు రెట్లు కనబడింది. మరి మన పెళ్లిచూపుల్లో ఇవి ఎవరు అడుగుతారు? ఎకరాలెన్ని, ప్యాకేజీ ఎంత, అంతే. పరకాల అన్నా, మీ ఇంటి లెక్క వేస్తే ఎంత వస్తుంది?

కాజీపేట జంక్షన్:
అడిగింది అబ్బాయి గురించి, మీరు అమ్మాయి ఇంటిమీద పడ్డారు. సరే, ఒకటి చెప్పండి. వాళ్లు దాచారా, ముందే చెప్పారా? ముందే చెప్పి ఉంటే నేనైతే ఇస్తా.

పరకాల అన్న:
వాళ్లే చెప్పారు. చాయ్ ఇచ్చి కూర్చోగానే వాళ్ల అమ్మ చెప్పిన మొదటి మాట అదే. మావాళ్లు సగం తాగిన కప్పులు పెట్టేసి లేచారు.

ఆజంజాహి అక్కా, రెండు రోజులైంది మీ ప్రశ్నకు జవాబు రాయలేక. బాపు తాగొచ్చిన రాత్రి అమ్మ మా ఇద్దరినీ పక్కింటి డాబా మీదికి పంపేది. గేటు చప్పుడైతే చెల్లెలు ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. ఇది వాళ్లకు మేం చెప్పలేదు, వాళ్లు అడగనూ లేదు. ఆదివారం నేనొక్కణ్నే వాళ్లింటికి పోతున్నా. బాపుకు ఇంకా చెప్పలేదు.