లీపు సంవత్సరం పిల్లలకి ఇంట్లో ఎలా చూపించాలి?

నాగావళి గట్టు:
పిల్లలు ఒకరు నాలుగో తరగతి, ఒకరు ఏడు. "4తో భాగిస్తే లీపు" అని ఇద్దరికీ నోటికొచ్చు. ఎందుకంటే మాత్రం చిన్నది "ఫిబ్రవరికి రోజులు తక్కువని ఇచ్చారు" అంటోంది. 2100 లీపు కాదంటే పెద్దోడు ఒప్పుకోవట్లేదు. ఇంట్లో సామాన్లతో చూపించే పద్ధతి ఉందా? అధికమాసానికీ దీనికీ లింకు ఏటి?

బొబ్బిలి వీణ:
సూత్రం చివర్లో చెప్పండి. భూమి సూర్యుణ్ణి ఒకసారి చుట్టడానికి 365 రోజుల మీద దాదాపు పావు రోజు పడుతుంది. ముందు ఏటా మిగిలే ఆ పావు రోజు కంటికి కనబడాలి. దగ్గు మందుతో వచ్చే 10 మి.లీ. మూత, నిటారుగా ఉండే ప్లాస్టిక్ సీసా, స్కెచ్ పెన్ను చాలు. ఒక మూత ఒక గంట. 24 మూతల నీళ్లు పోసి ఆ మట్టానికి గీత గీయండి, అది రోజు. చిటికెడు పసుపు కలిపితే మట్టం బాగా తెలుస్తుంది. గ్లాసు మాత్రం వద్దు. అడుగు సన్నం, మూతి వెడల్పు కాబట్టి పావు ఎత్తులో పావు నీళ్లు ఉండవు, అక్కడే లెక్క చెడుతుంది.

సీసా ఖాళీ చేసి ఏడాదికి ఆరు మూతల చొప్పున పిల్లలతోనే పోయించండి. నాలుగో ఏడు నీళ్లు గీతని తాకుతాయి. ఆ నిండిన సీసాయే ఫిబ్రవరి 29. పారబోసి మళ్లీ మొదలు. చిన్నదానికి ఇక్కడితో ఆపేయండి.

పెద్దోడికి మర్నాడు అసలు సంగతి. మిగిలేది నిండా ఆరు గంటలు కాదు, సుమారు 5 గంటల 49 నిమిషాలు. ఏడాదికి 11 నిమిషాల పైచిలుకు, నాలుగేళ్లకి 45 నిమిషాలు మనం ఎక్కువ పోస్తున్నాం. మూతలో అది ముప్పావు, 7.5 మి.లీ. నాలుగొందల ఏళ్లలో వంద లీపులకి 750 మి.లీ. అవుతుంది. రోజుకి 240 చొప్పున మూడు సీసాలు నిండి 30 మి.లీ. మిగులుతుంది. అందుకే 2100, 2200, 2300 తీసేసి 2400 ఉంచారు. ఆ 30 మి.లీ., అంటే మూడు గంటల జోలికి ఎవరూ పోలేదు. 1582కి ముందు ఈ మూడూ తీసేవారు కాదు. పేరుకున్న తేడా సరిచేయడానికి ఆ ఏడాది అక్టోబర్ 4 మర్నాడు 15 అని ప్రకటించాల్సి వచ్చింది.

రాజాం రోడ్డు:
పాత క్యాలెండర్లుంటే వారాలు చూపించండి. 365ని 7తో భాగిస్తే శేషం 1, కాబట్టి ఏ తేదీ అయినా మరుసటేడు వారంలో ఒక రోజు ముందుకెళ్తుంది. ఆగస్టు 15 మాత్రం 2023లో మంగళవారం, 2024లో గురువారం. మధ్యలో బుధవారం గెంతేసింది. పెద్దవాళ్లే తికమక పడేది జనవరి 26 దగ్గర: 2023లో గురువారం, 2024లో శుక్రవారం, 2025లో ఆదివారం. ఫిబ్రవరి 29 దాటని తేదీలకి గెంతు ఏడాది ఆలస్యంగా వస్తుంది.

ఫిబ్రవరికే ఎందుకంటే, రోమన్ల పాత లెక్కలో ఏడాది మార్చితో మొదలయ్యేది. సప్త, అష్ట, నవ, దశ అని రాయించి పక్కన సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా రాయించండి. మార్చిని ఒకటిగా లెక్కపెడితేనే డిసెంబర్ పదోది. ఫిబ్రవరి ఆఖరుది, సర్దుబాటు అక్కడే.

నాగావళి గట్టు:
సీసా పనిచేసింది. ఇప్పుడు "29న భూమి ఎక్కువ తిరుగుతుందా" అని చిన్నది అడుగుతోంది.

బొబ్బిలి వీణ:
భూమి తన చుట్టూ తాను తిరగడం, సూర్యుడి చుట్టూ తిరగడం రెండూ కలిపేసుకుంది. వాకిట్లో 64.5 సెం.మీ. తాడుతో ముగ్గుపిండి వృత్తం గీయండి. మధ్యలో బిందె సూర్యుడు. పాదం 20 సెం.మీ. ఉన్న పిల్ల మడమకి వేలు ఆనించి నడిస్తే 20 అడుగులకి బయల్దేరిన చోటు ఇంకా అందదు, పావు అడుగు దూరం ఉంటుంది. అడుగు రోజు, చుట్టు ఏడాది. ఆగకుండా నాలుగు చుట్లు నడిస్తే 80 కాదు, 81 అడుగులు. అడుగు సైజు మారలేదు, లెక్కలో ఒకటి చేరింది, అంతే. పాదం చిన్నదైతే తాడూ అదే దామాషాలో తగ్గించండి.

ఉగాది పచ్చడి:
శ్రీకాకుళం వాళ్లకి అరసవల్లి సూర్యుడి గుడి ఉండగా వేరే ఉదాహరణ ఎందుకు? మార్చి 10 ప్రాంతంలో, అక్టోబర్ మొదట్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. సమరాత్రికి (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకి) మార్చిలో పది రోజుల ముందు, సెప్టెంబర్‌లోదానికి పది రోజుల తర్వాత: రెండుసార్లూ సూర్యుడు దాదాపు ఒకే దిక్కున ఉదయిస్తాడు. లీపు లేకపోతే 120 ఏళ్లకి 29 రోజుల తేడా, మార్చి 10న చూసేది ఏప్రిల్ 8న చూడాలి. తేదీ ముందుకు వస్తుందా వెనక్కి పోతుందా అని పెద్దోణ్ణే తేల్చమనండి. చాలామంది తలకిందులుగా చెప్తారు.

అధికమాసానిది చంద్రుడి లెక్క. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే, ఏడాదికి 11 రోజులు లోటు. దాదాపు రెండేళ్ల ఎనిమిది నెలలకి ఒక నెల కూడబెట్టి కలుపుతారు: 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం. దసరా 2024లో అక్టోబర్ 12, 2025లో 2, 2026లో 20. పది రోజులు వెనక్కి జారి ఒక్కసారిగా ముందుకి గెంతింది. విజయనగరం సిరిమాను దసరా తర్వాత మంగళవారం కాబట్టి అదీ వెనకాలే కదులుతుంది.