రిచర్డ్ సింహహృదయుడు: ఏ కథ ఎప్పుడు అతుక్కుంది?

పడమటిగాలి:
ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ (పాలన 1189–1199) మీద పెద్ద వ్యాసం ఒకటి రాస్తున్నాను. యుద్ధాల గురించి కాదు, ఆయన చుట్టూ అల్లుకున్న కథల గురించి. పంతొమ్మిదో శతాబ్దపు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ‘ఐవాన్‌హో’, ‘టాలిస్మన్’ రెండూ పూర్తిగా చదివాను. ఇంటర్నెట్‌లో వెతికితే మాత్రం అంతా కలగాపులగంగా ఉంది. సింహం గుండె పెరికి తిన్నాడన్నది, చెరలో ఉన్నప్పుడు బ్లోండెల్ అనే గాయకుడు పాట పాడి ఆచూకీ కనిపెట్టాడన్నది, అడవి బందిపోటు రాబిన్ హుడ్‌తో స్నేహం, శత్రువైన ముస్లిం సుల్తాన్ సలాదీన్ ఆయన ఎదుట కత్తితో పల్చటి గుడ్డ కోసి చూపించడం. వీటిలో ఆయన బతికుండగానే ఉన్నవి ఏవి? తర్వాత వచ్చినవైతే ఎన్నేళ్లకు? రాసేటప్పుడు ఎక్కడ కాలు జారే వీలుందో కూడా చెబితే మేలు.

రాతప్రతి:
ఒక్కో కథకీ రెండు తేదీలు వేసుకోండి. ఆ సంఘటన జరిగిందని చెప్పే ఏడు ఒకటి, దాన్ని ఎవరో మొదటిసారి కాగితం మీద పెట్టిన ఏడు ఇంకొకటి. మధ్యలో యాభై అరవై ఏళ్లు ఎడం వచ్చిందంటే, అది రిచర్డ్ కన్నా రాసినవాడి కాలానికే ఎక్కువ సాక్ష్యం.

సింహం సంగతి చూద్దాం. బిరుదు పాతదే. మూడో క్రూసేడ్ (జెరూసలేం కోసం ముస్లింలతో క్రైస్తవులు చేసిన మతయుద్ధం) గురించి ఫ్రెంచి పద్యాల్లో రాసిన అంబ్రోయిజ్ 1190లలోనే ఆయన్ని సింహపు గుండెవాడు అన్నాడు. అందులో సింహమూ లేదు, తినడమూ లేదు. ధైర్యవంతుణ్ణి పొగిడే మాట, అంతే. నూరేళ్లు గడిచాక, 1300 ప్రాంతంలో, ‘రిచర్డ్ కోర్ డి లయన్’ అనే పద్యకథ అప్పటి ఇంగ్లీషులో వచ్చింది. సుమారు 7,000 పంక్తులు. బిరుదుకి కథ కట్టింది ఇందులో. మోడార్డ్ అనే కల్పిత జర్మన్ రాజు చెరలో ఉన్న రిచర్డ్ మీదికి ఆకలిగొన్న సింహాన్ని వదులుతారు. ఈయన నలభై పట్టు రుమాళ్లు చేతికి చుట్టుకుని, దాని గొంతులోంచి చెయ్యి దూర్చి గుండె పెరుకుతాడు. దాన్ని అలాగే భోజనశాలకి పట్టుకెళ్లి, రాజు ముందున్న ఉప్పులో అద్దుకుని, రొట్టె కూడా లేకుండా తినేస్తాడు.

అదే పద్యకథలో రిచర్డ్ తల్లి అక్విటేన్ ఎలినార్ కాదు, అంతియొక్ రాకుమారి కసొడోరియెన్. చర్చిలో దివ్యప్రసాదం ఎత్తే సమయానికి అక్కడ నిలవలేని మనిషి. ఒకరోజు పట్టి నిలబెడితే పైకప్పు చీల్చుకుని పిల్లలతో సహా ఎగిరిపోతుంది. దారిలో రిచర్డ్ తమ్ముడు జాన్ చెయ్యి జారి కిందపడి తొడ విరగ్గొట్టుకుంటాడు. తర్వాత రాజై అందరి తిట్లూ తిన్న జాన్ ఇతనే, కవి కసి అక్కడే తీర్చుకున్నట్టుంది.

అసలు మీ వ్యాసంలో ఎక్కువ చోటు ఇవ్వాల్సింది ఇంకో ఘట్టానికి. పాలస్తీనా తీరంలోని ఏకర్ ముట్టడిలో జబ్బుపడ్డ రిచర్డ్‌కి పంది మాంసం మీదికి మనసు పోతుంది. ముస్లింల దేశంలో పంది ఎక్కడ దొరుకుతుంది? ఒక ముసలి వీరుడి సలహాతో వంటవాడు బాగా కండపట్టిన ఒక కుర్ర ఖైదీని చంపి, కుంకుమపువ్వూ మసాలాలూ వేసి ఉడికిస్తాడు. రాజు తిని కోలుకుంటాడు, పంది తలకాయ ఏదీ అని అడుగుతాడు. వంటవాడు వణుకుతూ నల్లగడ్డం తల తెచ్చి చూపిస్తే రాజు పగలబడి నవ్వుతాడు! తర్వాత సలాదీన్ రాయబారులకి విందు పెట్టి, వాళ్ల బంధువుల తలల్నే ఉడకబెట్టి, ఒక్కో నొసటి మీద పేరు అంటించి పళ్లేల్లో వడ్డిస్తాడు. తను కూడా వాళ్ల కళ్లముందే తింటాడు.

ఇది ఆయన్ని తిడుతూ రాసింది కాదు, పొగుడుతూ రాసింది. చదివేవాళ్లు ఇక్కడే పొరబడతారు. ఇంగ్లీషు సైన్యం తిండి లేక వెనక్కి పోదు, శత్రువులు ఉన్నంతకాలం మాంసానికి కొదవ లేదు అని రిచర్డ్ రాయబారులకి చెప్పడమే కవి ఉద్దేశం. 1098లో, మొదటి క్రూసేడ్‌లో, మారా పట్టణం దగ్గర ఆకలికి శవాల్ని తిన్నారని క్రైస్తవ చరిత్రకారులే రాశారు. ఆ మచ్చని ఈ పద్యం రాజు ఘనతగా తిప్పేసింది. స్కాట్‌కి ఈ కథ బాగా తెలుసు, ‘టాలిస్మన్’ 1832 పీఠికలో ప్రస్తావించాడు కూడా. నవలలోకి మాత్రం రానివ్వలేదు. మనకు తెలిసిన మర్యాదస్తుడైన రిచర్డ్ ఆ వడపోతలో మిగిలినవాడు.

ఒక హెచ్చరిక: ఈ పద్యకథ రాతప్రతులన్నీ ఒకేలా ఉండవు. పొడుగు పాఠంలో ఉన్న అద్భుతాలు కొన్ని పొట్టి పాఠంలో కనిపించవు. ‘పద్యంలో ఉంది’ అని ఊరుకోకుండా ఏ పాఠంలో ఉందో రాయండి.

పాటలపెట్టె:
బ్లోండెల్ గురించి నేను చెబుతాను. ముందు ఖాయంగా తెలిసినవి: 1192 డిసెంబర్‌లో వియన్నా దగ్గర ఆస్ట్రియా డ్యూక్ లియోపోల్డ్ మనుషులు రిచర్డ్‌ని పట్టుకున్నారు. డ్యూర్న్‌స్టైన్ కోటలో పెట్టి, తర్వాత జర్మన్ చక్రవర్తి ఆరో హెన్రీకి అప్పగించారు. విడుదల ధర 1,50,000 మార్కులు. మార్కు అంటే పౌనులో మూడింట రెండు వంతులు, కాబట్టి లక్ష పౌన్లు. 1194 ఫిబ్రవరి 4న వదిలారు.

చెరలో ఉండగా ఆయన పేరిట ఉన్న పాట నిజంగానే మిగిలింది: ‘జా నుస్ ఓమ్స్ ప్రిస్’. పాత ఫ్రెంచిలోనూ, దక్షిణ ఫ్రాన్స్ భాష ఆక్సితాన్‌లోనూ దొరుకుతుంది, బాణీ కూడా ఉంది. ప్రతి చరణమూ ‘బందీ’ అన్న మాట మీదే ఆగుతుంది. రెండు చలికాలాలు గడిచినా నన్ను విడిపించుకోలేదు, మీకే సిగ్గుచేటు అని మిత్రుల్ని దెప్పిపొడుస్తాడు. డిసెంబర్ 1192, ఫిబ్రవరి 1194 లెక్క చూస్తే ఆ రెండు చలికాలాలూ సరిపోతాయి. అందులో బ్లోండెల్ ఊసే లేదు.

బ్లోండెల్ కథ మొదట కనబడేది 1260 ప్రాంతంలో, రైమ్స్ ఊరి ఒక గాయకుడు చెప్పిన ఫ్రెంచి వచనకథల్లో. అంటే దాదాపు డెబ్భై ఏళ్లకు. నెల్ ఊరి బ్లోండెల్ అనే కవి నిజంగా ఉన్నాడు, పాటలూ ఉన్నాయి, రాజుని వెతికినట్టు మాత్రం అంతకుముందు ఎవరూ రాయలేదు. చాలామంది తప్పు రాసే చోటు ఇంకొకటి: పాత కథలో కోట గోడ కింద నిలబడి పాడేది బ్లోండెల్ కాదు. అతను కోట అధికారి దగ్గర కొలువు సంపాదించి చలికాలమంతా అక్కడే ఉంటాడు. తోటలో తిరుగుతుంటే బురుజులోంచి రాజే అతన్ని చూసి, ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియని పాట అందుకుంటాడు. గోడ కింద గాయకుడు, పైన కిటికీలో జవాబు అన్న బొమ్మ తర్వాతి శతాబ్దాలది.

అసలు వెతకాల్సిన పనే లేదు. పట్టుకున్న కొద్దిరోజులకే, డిసెంబర్ 28న, చక్రవర్తి ఫ్రాన్స్ రాజు ఫిలిప్‌కి సంతోషంగా ఉత్తరం రాశాడు. దాని నకలు ఇంగ్లండ్ చేరింది. అక్కణ్ణుంచి బాక్స్‌లీ, రాబర్ట్స్‌బ్రిడ్జ్ మఠాధిపతులిద్దరు బయల్దేరి 1193 మార్చిలో ఓక్సెన్‌ఫుర్ట్ దగ్గర రాజుని కలిశారు. మఠాధిపతుల ప్రయాణం మీద పాట కడితే ఎవరు వింటారు లెండి.

ఆ కథకి రాజకీయ ఆయుష్షు కూడా ఉంది. ఫ్రాన్స్ సంగీతకర్త గ్రెత్రీ 1784లో దీన్ని ఒపెరా చేశాడు. అందులో ‘ఓ రిచర్డ్, ఓ నా రాజా, లోకం నిన్ను వదిలేసింది’ అన్న పాటని 1789 అక్టోబర్ 1న వెర్సాయ్ విందులో సైనికాధికారులు ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ కోసం పాడారు. ఆ విందు కబురు పారిస్‌లో మంట రాజేసింది. నాలుగురోజులకి ఆడవాళ్లు వెర్సాయ్ మీదికి నడిచారు.

చావు మీద పాటల్నీ వదలకండి. ఆక్సితాన్ కవి గోసెల్మ్ ఫెయిడిట్ ఏడుపుపాట బాణీతో సహా ఉంది, అలెగ్జాండర్, చార్లెమాన్, ఆర్థర్‌లతో పోలుస్తుంది. విన్‌సాఫ్ జెఫ్రీ తన లాటిన్ కవిత్వ పాఠ్యగ్రంథంలో శుక్రవారాన్ని శాపనార్థాలు పెట్టాడు, ఎందుకంటే 1199 మార్చి 26, రిచర్డ్ ప్రాణం తీసిన బాణం తగిలినరోజు, శుక్రవారం. రెండొందల ఏళ్ల తర్వాత ఇంగ్లీషు కవి చాసర్ దీన్ని పట్టుకుని ఆటపట్టించాడు: కోడిపుంజుని శుక్రవారం నక్క ఎత్తుకుపోతుంటే, నీలాగ ఏడవడం నాకు చేతకాదే జెఫ్రీ గురువుగారూ అంటాడు.

అడవిదారి:
రాబిన్ హుడ్ విషయం తేలిక. రాబిన్ పాటల ప్రస్తావన మొదట కనబడేది 1377 ప్రాంతపు ‘పియర్స్ ప్లౌమన్’ అనే ఇంగ్లీషు కావ్యంలో, అక్కడ రాజు పేరు లేదు. పాత పెద్ద పాట ‘గెస్ట్’లో రాజు ఉన్నాడు, కానీ పేరు ఎడ్వర్డ్. కథ నడిచేది కూడా ఎక్కువగా షెర్‌వుడ్‌లో కాదు, యార్క్‌షైర్‌లోని బార్న్స్‌డేల్‌లో. రాబిన్‌ని తెచ్చి రిచర్డ్ కాలంలో కూర్చోబెట్టింది స్కాట్లండ్ పండితుడు జాన్ మేజర్, 1521లో అచ్చయిన లాటిన్ చరిత్రలో. 1598లో ఆంటొనీ మండే నాటకాలు అతన్ని హంటింగ్‌టన్ ఎర్ల్ చేశాయి. 1819 డిసెంబర్‌లో వచ్చిన ‘ఐవాన్‌హో’ నల్ల కవచం వీరుడి వేషంలో రాజునే అడవిలోకి దించింది. అక్కణ్ణుంచి సినిమాలకి అదే మూస.

చిన్న ఆధారం మాత్రం ఉంది. చెర నుంచి వచ్చి, మార్చి 1194లో జాన్ మనుషుల చేతిలో ఉన్న నాటింగ్‌హామ్ కోటని పట్టుకున్న మర్నాడు, మార్చి 29న, రిచర్డ్ షెర్‌వుడ్ అడవి చూడ్డానికి వెళ్లాడు. అంతకుముందు ఎప్పుడూ చూడలేదనీ, బాగా నచ్చిందనీ ఆ కాలపు చరిత్రకారుడు హోవెడెన్ రోజర్ రాశాడు. బందిపోట్ల మాట లేదు. ‘ఐవాన్‌హో’ని చరిత్రగా వాడేవాళ్లకి ఇంకో చిక్కు: రాబిన్ ముఠాలోని టక్ లాంటి భిక్షువుల సంఘాలు ఇంగ్లండ్‌లో అడుగుపెట్టింది 1221 నుంచే.

పడమటిగాలి:
చాలా ఉపయోగం, ముగ్గురికీ కృతజ్ఞతలు. సలాదీన్ కత్తి సంగతి మిగిలింది. ఇద్దరూ ఒకరినొకరు గౌరవించుకున్నారన్నదైనా నిజమేనా, అదీ స్కాట్ పుట్టించిందేనా?

కోటబురుజు:
గౌరవం ఉంది, కలయిక లేదు. ఇద్దరూ ముఖాముఖి ఒక్కసారి కూడా కలుసుకోలేదు. మాటలన్నీ సలాదీన్ తమ్ముడు అల్ ఆదిల్ ద్వారా, రాయబారుల ద్వారా నడిచాయి. రిచర్డ్ చెల్లెలు జోన్‌ని అల్ ఆదిల్‌కి ఇచ్చి పెళ్లి చేసే ప్రతిపాదన కూడా వచ్చిపోయింది. 1192 సెప్టెంబర్ 2న జాఫా ఒప్పందం మూడేళ్ల ఎనిమిది నెలలకి కుదిరింది.

‘టాలిస్మన్’ (1825)లో సలాదీన్ వైద్యుడి వేషంలో వచ్చి జ్వరం తగ్గించడానికి మూలం ఒకటుంది. జబ్బుపడ్డ రిచర్డ్ పళ్లూ మంచూ కావాలని కబురు పెడితే సుల్తాన్ పంపించాడని, సుల్తాన్ పక్కనే ఉండి అతని జీవితచరిత్ర రాసిన ఇబ్న్ షద్దాద్ చెప్పాడు. ఆ వచ్చేపోయే మనుషుల ద్వారా శత్రు శిబిరం సమాచారం లాగడమే సుల్తాన్ ఉద్దేశమని కూడా అతనే రాశాడు! మంచు ఒక్కటే రాసి ఈ రెండో వాక్యం వదిలేస్తే స్కాట్ చేసిన పనే మీరూ చేసినట్టు.

కత్తుల పోటీ పూర్తిగా కల్పన. రిచర్డ్ బరువైన కత్తితో గద ఉక్కు పిడిని నరుకుతాడు, సలాదీన్ వంపు కత్తితో పట్టుదిండునీ పల్చటి మేలిముసుగునీ కోస్తాడు. ఆ కత్తి మెరవకుండా మసక నీలంగా, మెలికల గీతలతో ఉందని స్కాట్ వర్ణిస్తాడు. అది డమాస్కస్ ఉక్కు రూపం. మన పాఠకులకి ఇక్కడ ఒక్క వాక్యం చెప్పొచ్చు: అలాంటి కత్తులకి వాడిన మూస ఉక్కు (మట్టి మూసలో కరిగించి చేసేది) తయారైన చోట్లలో తెలంగాణలోని కోనసముద్రం ఒకటి, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. కానీ కోనసముద్రం గురించిన రాతలు చాలా తర్వాతి కాలానివి, దాన్ని సలాదీన్ చేతిలో పెట్టకండి.

గౌరవం గురించి రాస్తే ఏకర్‌ని దాటెయ్యకండి. 1191 ఆగస్టు 20న రిచర్డ్ ఇరవయ్యారు ఇరవయ్యేడు వందల మంది ఖైదీల్ని నరికించాడు. సుమారు 2,600 అని ఆయన ఉత్తరంలోనే ఉంది. ఫ్రెంచి రచయిత జాయిన్‌విల్ 1309లో ముగించిన పుస్తకంలో, ముస్లిం తల్లులు ఏడ్చే పిల్లల్ని ‘రిచర్డ్ రాజు వస్తున్నాడు’ అని బెదిరించేవారనీ, పొద చూసి గుర్రం బెదిరితే ‘రిచర్డ్ అనుకున్నావా’ అనేవారనీ రాశాడు. ఇది కూడా ఫ్రెంచివాడు చెప్పిన మాటే, అరబ్బుల నోట విన్నట్టు రాయొద్దు. స్కాట్ కల్పించిన ఆ వైద్యుడి వేషం 1963 ఈజిప్టు సినిమాలో తిరిగి తేలింది. దర్శకుడు షహీన్ తీసిన ఆ సినిమాలో గాయపడ్డ రిచర్డ్‌కి సలాదీనే మందు వేస్తాడు.

రాతప్రతి:
పాటలపెట్టె గారు చావు పాటలు ఎత్తారు కాబట్టి ఒకటి కలుపుతాను. ఫ్రాన్స్‌లోని షాలూ కోట దగ్గర తనని కొట్టిన విలుకాణ్ణి రిచర్డ్ క్షమించి నూరు షిల్లింగులు ఇమ్మన్నాడనీ, ఆయన పోయాక ఆయన కిరాయి సైన్యాధిపతి మెర్కాడియె అతని చర్మం ఒలిపించాడనీ హోవెడెన్ రాశాడు. ఇది సమకాలీనుడి రాతే. అయినా విలుకాడి పేరు దగ్గరే రచయితలు కలవరు: ఒకరు బెర్త్రాన్ అంటే ఒకరు పియర్ బాసిల్ అంటారు. మొదటి తేదీ పాతదైనంత మాత్రాన కథ నిజం కాదు, నా పద్ధతికి అదే హద్దు. రిచర్డ్ అక్కడికి నిధి కోసం పోయి చచ్చాడన్నదీ అంతే. లిమోజ్ ప్రభువు తిరుగుబాటు అణచడానికే వెళ్లాడన్న చరిత్రకారుడు గిల్లింగ్‌హామ్ వాదన నాకు బలంగా కనిపిస్తుంది.

ఈ లిమోజ్‌నీ, చెరపట్టిన ఆస్ట్రియా లియోపోల్డ్‌నీ కలిపి షేక్‌స్పియర్ ‘కింగ్ జాన్’లో ఒకే మనిషిని చేశారు. అతను రిచర్డ్ దగ్గర కొట్టేసిన సింహం తోలు కప్పుకుని తిరుగుతాడు, రిచర్డ్ అక్రమ సంతానమైన ఫాల్కన్‌బ్రిడ్జ్ చేతిలో చస్తాడు. ఆ తోలు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలుసు.

పద్యకథ మూలం కావాలంటే రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ల మధ్యయుగ గ్రంథమాలలో పీటర్ లార్కిన్ కూర్పు ఆన్‌లైన్‌లో ఉచితం, కష్టమైన పంక్తులకి అర్థాలు ఉన్నాయి. సింహం ఘట్టంతో మొదలుపెట్టి, ఏకర్ వంటకం, రాయబారుల విందు చదివి, అప్పుడు తల్లి కథకి వెనక్కి రండి. పంక్తి సంఖ్యలు ఏ కూర్పువో రాసుకోండి, 1913 నాటి బ్రూనర్ కూర్పుని చూసి రాసిన పాత వ్యాసాలతో పోల్చాల్సి వస్తుంది.