అప్‌డేట్: మైనస్ 30లో పురుగులు ఎలా బతుకుతాయని అడిగాను కదా

కెనడాలో మా తమ్ముడు ఉండే చోట మైనస్ 30 చలి, మరి ఎండాకాలం రాగానే ఈగలూ పురుగులూ ఎక్కణ్ణించి వస్తాయని కావలి నుంచి అడిగింది నేనే. జవాబిచ్చినవాళ్లకు థ్యాంక్స్.

గోల్డెన్‌రాడ్ మొక్కల కాడలకు బుడిపెలుంటాయి, కోసి చూడమని ఒకరు రాశారు. వాడు కోసి వీడియో కాల్‌లో చూపించాడు. చిన్న నిమ్మకాయంత బుడిపె, నడిమధ్య గడ్డకట్టిన తెల్లటి పురుగు (పెద్దయ్యాక ఈగగా మారేది). టేబుల్ మీద పెట్టిన కాసేపటికి మెల్లగా కదిలింది! మా అమ్మయితే "ఛీ, బయట పారెయ్‌రా" అని ఒకటే గోల.

చలి ముదిరేకొద్దీ ఆ పురుగు ఒంట్లో గ్లిజరాల్, సార్బిటాల్ (చలి నుంచి కణాలను కాపాడే పదార్థాలు) పోగేసుకుంటుంది. కణాల బయట నీళ్లు గడ్డకట్టినా చాలా కణాల లోపల కట్టవు. అలా మైనస్ 40 దాకా తట్టుకోగలదు. తేనెటీగల దారి వేరు, గుంపుకట్టి రెక్కల కండరాలు వణికించి వేడి పుట్టిస్తాయి.

నాకు వింతగా అనిపించింది వేరే. చలికాలం వెచ్చబడితేనే ఈ పురుగుకు ఇబ్బంది! దాచుకున్న శక్తి ముందే ఖర్చయిపోతుంది. ఈగగా మారాక తిండి తినదు కాబట్టి పెట్టే గుడ్లూ తగ్గుతాయి.

ఇంకో బుడిపెను కొయ్యకుండా బాల్కనీలో ఉంచాడు. ఈగ వస్తే ఫొటో పెడతాను.