ఈటన్‌విల్: వంద ఎకరాలను అమ్మనివ్వకపోవడం వారసత్వ రక్షణేనా?

రేవుదారి (చర్చ ప్రారంభం)

ఫ్లోరిడాలో ఓర్లాండోకు ఉత్తరాన ఈటన్‌విల్ అనే చిన్న ఊరుంది. 1887 ఆగస్టు 15న 27 మంది నల్లజాతి పురుషులు ఓటు వేసి ఆ ఊరిని మునిసిపాలిటీగా నమోదు చేసుకున్నారు. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఇప్పుడు జనాభా రెండు వేల పైచిలుకు. ఊరి నడిబొడ్డున హంగర్‌ఫర్డ్ బడి నేల దాదాపు వంద ఎకరాలు ఉంది. 2009లో బడి మూతపడింది, ఆ తర్వాత భవనాలు కూడా కూల్చివేశారు. కౌంటీ (మన జిల్లా లాంటిది) స్కూల్ బోర్డు ఆ నేలను సుమారు 1.4 కోట్ల డాలర్లకు ఒక డెవలపర్‌కు అమ్మబోగా, ఊరివాళ్లు అడ్డుపడటంతో 2023 మార్చి చివరలో ఆ ఒప్పందం రద్దయింది. ఈ అడ్డుకోవడం వారసత్వాన్ని కాపాడుకోవడమా, లేక చేతికి రాబోయే ఆదాయాన్ని కాలదన్నుకోవడమా? సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

కొండగాలి

రెండోదేనని నా అభిప్రాయం. ఊరికి పోలీసులు కావాలి, మురుగు కాలువలు కావాలి, రోడ్లకు మరమ్మతులు కావాలి. వీటన్నిటికీ సొమ్ము ఆస్తి పన్ను నుంచీ వ్యాపారాల నుంచీ రావలసిందే తప్ప చరిత్ర నుంచి రాదు. కాలిఫోర్నియాలో అలెన్స్‌వర్త్ సంగతే చూడండి. 1908లో ఒక నల్లజాతి సైనికాధికారి ఎంతో ఆశతో స్థాపించిన ఊరది. రైలు ఆగడం మానేసింది, నీరు చాలలేదు, స్థాపకుడు 1914లోనే ప్రమాదంలో మరణించాడు. ఈనాడు ఆ పాత ఊరు రాష్ట్ర ప్రభుత్వం నడిపే చారిత్రక పార్కు. పునరుద్ధరించిన బడి గదిలో బల్లలు వరుసగా ఉన్నాయి కాని వాటి మీద కూర్చుని చదువుకునే పిల్లలు లేరు. ఆదాయం లేని ఊరు చివరికి ప్రదర్శనశాలగా మిగులుతుందనడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

పాతదస్త్రం

కొండగాలి గారూ, ఆ 1.4 కోట్లు ఊరి ఖజానాకు వచ్చేవి కావు, బోర్డుకు పోయేవి. ముందు ఆ నేల బోర్డు చేతికి ఎలా వచ్చిందో చూడాలి. నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ నడిపిన టస్కీగీ విద్యాసంస్థలో చదువుకున్న రసెల్, మేరీ కాల్హూన్ దంపతులు 1897లో ఈ బడి పెట్టారు. ఎడ్వర్డ్ హంగర్‌ఫర్డ్ అనే శ్వేతజాతీయుడు, వైద్యుడైన తన కొడుకు రాబర్ట్ పోయాక, అతని జ్ఞాపకార్థం నేల ఇచ్చాడు. ఊళ్లో పిల్లలకు చదువుతో పాటు వ్యవసాయం, చేతివృత్తులు నేర్పిన ఆ సంస్థకు కాలక్రమంలో సుమారు మూడు వందల ఎకరాలు సమకూరాయి. 1950ల ఆరంభంలో బడి ఆస్తిని చూసుకునే ట్రస్టు నుంచి కౌంటీ బోర్డు ఆ మొత్తాన్ని పదహారు వేల డాలర్ల చిల్లరకు తీసుకుంది, అదీ నల్లజాతి పిల్లల చదువుకే వాడాలన్న షరతు మీద. తర్వాత ఆ షరతును న్యాయస్థానాల ద్వారా సడలించుకుంటూ, ముక్కలు ముక్కలుగా అమ్ముకుంటూ వచ్చారు. ఊరి పిల్లల కోసమని పోగైన ఆస్తి ఇలా బోర్డు సరుకైంది. నా దృష్టిలో అభ్యంతరానికి అసలు మూలం అక్కడుంది.

మరొక సంగతి. ఈటన్‌విల్‌ను దేశంలోనే మొట్టమొదటి నల్లజాతి మునిసిపాలిటీ అని చాలామంది రాస్తారు. ఉత్తర కరోలినాలోని ప్రిన్స్‌విల్ 1885లోనే నమోదైంది కనుక, “మొదటివాటిలో ఒకటి” అంటే సరిపోతుంది. దీనికోసం కొట్టుకోవలసిన పని లేదు.

నారింజతోట

నేను ఓర్లాండోలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఐ-4 హైవే ఊరి మీదుగా పోతుంది, కాని ఊళ్లోకి దిగే దారి ఇవ్వలేదు. రోజూ ఆఫీసుకు వెళ్తూ ఆ ఊరిని దాటుతున్నా, అక్కడొక ఊరుందని నాకు మూడేళ్ల దాకా తెలియదు. కనుక వ్యాపారం లేకపోవడం ఊరి అలసత్వం వల్ల జరిగిందని అనుకోవడం అన్యాయం. మొదటిసారి వెళ్లిన రోజున కెన్నెడీ బులెవార్డ్ అనే ప్రధాన వీధిని ఈ చివర నుంచి ఆ చివరకు నడవడానికి అరగంట కూడా పట్టలేదు. 1980ల చివర్లో కౌంటీ ఆ వీధినే అయిదు వరుసల రోడ్డుగా వెడల్పు చేయాలని తలపెట్టినప్పుడు, ఊరివాళ్లు సంఘం పెట్టుకుని ఆపారు. ఆ సంఘమే 1990 నుంచి ఏటా రచయిత్రి జోరా నీల్ హర్స్‌టన్ పేరిట ఉత్సవం జరుపుతోంది. ఆమె పెరిగింది ఇక్కడే, ఆమె తండ్రి ఈ ఊరికి మేయరుగా కూడా పనిచేశాడు. జో క్లార్క్ దుకాణం అరుగు మీద పెద్దలు చెప్పుకునే కథలను చిన్నప్పుడు చెవిన వేసుకున్న పిల్ల, పెద్దయ్యాక వాటినే సాహిత్యంలోకి తెచ్చింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. 2023లో నేల ఊరిది కాదు, డబ్బు ఊరిది కాదు, ఒప్పందంలో ఊరికి సంతకం లేదు. అయినా అమ్మకం ఎందుకు ఆగింది? ఆ నేలలో ఏం కట్టవచ్చో తేల్చే జోనింగ్ అధికారం టౌన్ కౌన్సిల్ చేతిలో ఉంది, కౌన్సిల్ మార్పుకు ఒప్పుకోలేదు. ఈటన్‌విల్ మునిసిపాలిటీ కాకుండా కౌంటీలో ఒక పేటగా ఉండి ఉంటే, ఆ నిర్ణయం కౌంటీ భవనంలో జరిగిపోయేది. 27 మంది ఆనాడు వేసిన ఓటు పనిచేయడమంటే ఇదే. వారసత్వమని నేను అనేది ఆ అధికారాన్ని. భవనాలు ఎటూ కూల్చేశారు.

కొండగాలి

జోనింగ్ సంగతి నాకు తెలియదు, ఆ మేరకు నా మాట సవరించుకుంటున్నాను. డబ్బు బోర్డుకు పోతుందన్నదీ ఒప్పుకుంటాను. అయితే అక్కడ ఇళ్లూ దుకాణాలూ వస్తే ఏటా వచ్చే పన్ను ఊరిదే కదా! “వద్దు” అనగల అధికారంతో ఒక అమ్మకం ఆగుతుంది కాని, దానితో ఊరి బడ్జెట్ నిండదు.

పాతదస్త్రం

నిండదు, నిజమే. కాని అక్కడ కొత్త కట్టడాలు వస్తే చుట్టుపక్కల ఇళ్ల విలువా అద్దెలూ పెరుగుతాయి, అద్దె ఇంట్లో పింఛనుతో బతికే ముసలివాళ్లు ఆ అద్దె కట్టలేక ఊరు వదులుతారు. ఓర్లాండో ఊపిరాడకుండా పెరుగుతున్న చోట ఇది ఊహాగానం కాదు. పదేళ్లకు బడ్జెట్ నిండుతుంది, కౌన్సిల్‌కు ఓటు వేసేవాళ్లు మాత్రం వేరేవాళ్లవుతారు.

రేవుదారి

అలా కొత్తగా వచ్చినవాళ్ల ఓటుకూ అదే విలువ ఉంటుంది కదా, పాతదస్త్రం గారూ? వారసత్వం అధికారంలో ఉందని నారింజతోట గారు అంటున్నారు, ఆ అధికారం ఫలానావాళ్ల చేతిలోనే ఉండాలని మీరంటున్నారు. ఈ రెండూ ఒకటి కావని నాకనిపిస్తోంది. 2024లో జాతీయ చారిత్రక పరిరక్షణ ట్రస్టు ప్రమాదంలో ఉన్న పదకొండు చోట్ల జాబితాలో ఈటన్‌విల్‌ను చేర్చింది. ఆ ప్రమాదం బయటి డెవలపర్ నుంచి మాత్రమేనా, లేక రేపు ఊరివాళ్లే ఓటు వేసి “సరే, కట్టండి” అంటే అదీ ప్రమాదమేనా? దీనికి మీ సమాధానం చూశాకే నేను ఎటువైపో చెప్పగలను.