కెంట్ ఫామ్‌హౌస్ అటకలో నల్ల వాసాలు: ఇల్లు ఎప్పుడైనా కాలిందా?

అద్దెవాసి:
ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, వీల్డ్ అనే ఓక్ అడవుల ప్రాంతం వైపు ఒక పాత ఫామ్‌హౌస్‌లో ఈమధ్యే అద్దెకు దిగాం. "పదిహేనో శతాబ్దం ఇల్లు, పాత ఓడలు విప్పిన కలపతో కట్టారు" అని ఓనర్ గారు గర్వంగా చెప్తారు. కాదనడానికి నాకేం తెలీదు గానీ చూస్తుంటే ఒకదానికొకటి పొంతన లేదు. ముందు గోడేమో ఇటుక, మిగతా మూడు వైపులా ఓక్ చట్రం. వీధి తలుపు తీయగానే చిమ్నీ గోడ ఎదురొస్తుంది, దాని చుట్టూ తిరిగి గదుల్లోకి వెళ్లాలి. మేడమీద పడగ్గదిలో నడుమెత్తున ఒక లావుపాటి దూలం అడ్డంగా పోతుంది, దాన్ని మధ్యలో కోసి దారి చేశారు. అటకలోకి టార్చి వేసి చూస్తే వాసాలన్నీ నల్లగా ఉన్నాయి, అక్కడే టెన్షన్ మొదలైంది. ఇల్లు కాలిందంటారా? దూలాల అడుగున వరసగా ఖాళీ బెజ్జాలు కూడా ఉన్నాయి, అవి ఓడ గుర్తులేనా?

నిట్టాడు:
కంగారు పడకండి. కాలిన కలపకీ పొగచూరిన కలపకీ తేడా కంటికే తెలుస్తుంది. కాలితే పైన పగుళ్లు వచ్చి బొగ్గు పెచ్చుల్లా లేస్తుంది. పొగచూరితే వాసం అంచులు అలాగే ఉంటాయి, గొడ్డలి గాట్లు కూడా కనిపిస్తాయి, వాటి మీద పలచగా నల్లటి మసి అంటుకుని ఉంటుంది. మీది రెండోదే అయితే అది మీ ఇంటి పుట్టుపూర్వోత్తరాలకి మొదటి సాక్ష్యం, దయచేసి తుడవకండి.

మొదట్లో ఈ ఇళ్లకి మధ్య భాగంలో మేడ ఉండేది కాదు, చిమ్నీ అసలే లేదు. నేలనుంచి కప్పుదాకా ఒకటే హాలు, మట్టినేల మీద నడిమధ్యకి కాస్త అటూఇటూగా పొయ్యి, పొగ పైకి లేచి వాసాల చుట్టూ తిరిగి పెంకుల సందుల్లోంచీ కప్పు కొసల్లో వదిలిన ఖాళీల్లోంచీ పోయేది. హాలుకి ఒక చివర యజమాని గదులు, రెండో చివర తిండీ పానీయాలూ దాచే రెండు చిన్న గదులు. ఆ చివరల్లో మాత్రమే పై అంతస్తు ఉండేది. కెంట్, ససెక్స్‌లలో పద్నాలుగో శతాబ్దం చివరి నుంచి పదహారో శతాబ్దం మొదలు దాకా ఈ పద్ధతిలో చాలా కట్టారు, వీల్డెన్ ఇళ్లనే పేరు ఆ వీల్డ్ నుంచి వచ్చిందే. వీటిలో రెండు చివరలూ ముందుకి పొడుచుకొచ్చి, మధ్యలో హాలు గోడ వెనక్కి ఉంటుంది, పైన కప్పు మాత్రం ఒకటే తిన్నగా పోతుంది. అందుకే హాలు ముందు చూరు బాగా లోతుగా ఉండి, దాన్ని మోయడానికి వంపు తిరిగిన కొయ్యలు పెడతారు. మీ ఇంటి ముందువైపు ఇటుక కట్టినప్పుడు ఇదంతా లోపలికి పోయి ఉండొచ్చు, పై గదుల మూలల్లో వెతకండి.

చిమ్నీ తర్వాతి సంగతి. 1577లో ఇంగ్లండ్ గురించి రాసిన విలియం హారిసన్, తను ఉండే ఎసెక్స్ ఊళ్లో ముసలివాళ్లు తమ కాలంలో బాగా మారిపోయాయన్న మూడింటిలో కొత్తగా లేచిన చిమ్నీలు ఒకటని చెప్పాడు. చిమ్నీ వచ్చాక పొగ కోసం హాలుని ఎత్తుగా ఖాళీగా వదలాల్సిన పనిలేదు, కాబట్టి మధ్యలో నేల వేసి పైన గదులు చేసుకున్నారు. మీ పడగ్గదిలో అడ్డొచ్చే దూలం హాలు రెండు గోడల్నీ పట్టి ఉంచే పాత దూలమే, ఒకప్పుడు హాల్లో నిలబడినవాళ్ల తలకి చాలా ఎత్తున ఉండేది. పాత ఇళ్లలో హాలు ఒక చివర ఎదురెదురు తలుపులతో ఒక నడవ ఉండేది, చాలామంది చిమ్నీని సరిగ్గా అందులోనే కట్టారు. తలుపు తీస్తే ఇటుక గోడ ఎదురొచ్చేది అందుకే.

చెక్కపని:
పైన చెప్పినది చాలావరకు ఒప్పుకుంటాను, కానీ మసి ఒక్కటే చూసి తేల్చేయకండి. వేరే ఇల్లు విప్పిన వాసాల్ని తెచ్చి వాడటం మామూలే. మసి పెంకుల వైపు తిరిగి ఉన్నా, అతుకు లోపల కనిపించినా ఆ కొయ్య ఇంకోచోటి నుంచి వచ్చినట్టే.

ఓడ కథ ఇంగ్లండ్‌లో ప్రతి పాత ఇంటికీ చెప్తారు, దాదాపు ఎక్కడా నిజం కాదు. చుట్టూ ఓక్ అడవి పెట్టుకుని తీరం నుంచి బండెడు చాకిరీ చేసి వంకర కొయ్యలు ఎవరు మోసుకొస్తారు? పైగా వీళ్లు పచ్చి ఓక్‌నే కోసేవాళ్లు, ఎండితే ఉలి దిగదు. చట్రాన్ని ముందు నేలమీద పరిచి అమర్చుకుని, ఏది ఎక్కడికో తెలియడానికి రోమన్ అంకెలు చెక్కి, విప్పి, మళ్లీ నిలబెట్టి ఓక్ మేకులు కొట్టేవారు. నాలుగుని నాలుగు నిలువు గీతలుగానే వేస్తారు, టార్చి పక్కనుంచి వేస్తే కనిపిస్తాయి.

మీ ఖాళీ బెజ్జాల ఆకారం ఏమిటి? కింద గాడి, పైన వరసగా చిన్న గుంతలు ఉంటే అక్కడ తడిక అల్లి మట్టీ పేడా గడ్డీ కలిపి మెత్తిన గోడ ఉండేది. పొడుగ్గా నలుచదరంగా ఉంటే నిలువు కొయ్యల అడ్డుగోడ. మూల మీద నిలబెట్టిన డైమండ్ ఆకారమైతే అద్దం లేని కిటికీ కమ్మీలవి.

అద్దెవాసి:
ఇప్పుడే చూసొచ్చాను, డైమండ్‌లే! అదీ రెండు గదుల మధ్య గోడ మీది దూలానికి. ఇంటి లోపల కిటికీ ఎందుకు?

చెక్కపని:
ఒకప్పుడు అదే బయటి గోడ. అవతలి గది తర్వాత కలిపిందన్నమాట. ఇది మసికన్నా గట్టి ఆధారం.

వలయాలు:
ససెక్స్‌లో సింగిల్టన్ దగ్గర వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియంలో బేలీఫ్ ఇల్లు చూడండి. కెంట్‌లో బౌ బీచ్ రిజర్వాయర్ కింద మునిగిపోతుందని 1960ల చివర్లో విప్పి తెచ్చి నిలబెట్టారు. హాలూ ఒక చివరా 1405–1430 మధ్యవి, యజమాని గదుల వైపు పదహారో శతాబ్దం మొదట్లో కట్టినవి. ఒకే ఇంట్లో దాదాపు వందేళ్ల తేడా, కాబట్టి "ఎప్పటి ఇల్లు" అని కాదు, "ఏ భాగం ఎప్పటిది" అని అడగాలి.

ఏడు కచ్చితంగా కావాలంటే దూలాల్లోంచి పెన్సిలంత నమూనా తీసి, చెట్టు ఏడాదికొకటిగా వేసే వలయాల వెడల్పులు కొలిచి, ఏళ్లు తెలిసిన వరసలతో పోలుస్తారు. కనీసం యాభై వలయాలు లేకపోతే సాధారణంగా పనికిరాదు, త్వరగా పెరిగిన ఓక్‌లో అవి దొరకవు. బెరడు అంచు మిగిలి ఉంటే చెట్టు ఏ చలికాలంలో కొట్టారో కూడా చెప్పేస్తారు, పచ్చి కలపే కాబట్టి ఇల్లు ఒకట్రెండేళ్లలో లేచి ఉంటుంది. ఖర్చూ అనుమతీ రెండూ ఓనర్ గారి పని. డబ్బు లేకుండా అయ్యేది చట్టపరంగా కాపాడే పాత కట్టడాలకి హిస్టారిక్ ఇంగ్లండ్ అనే సంస్థ ఉంచే జాబితాలో మీ ఇల్లు ఉందేమో వెతకడం, తర్వాత జిల్లా రికార్డు ఆఫీసులో 1662–1689 నాటి పొయ్యి పన్ను (ఇంట్లో పొయ్యిల లెక్కన వేసిన పన్ను) పత్రాలు చూడటం. అందులో ఇళ్లకి పెట్టిన పేర్లు కాదు, మనుషుల పేర్లే ఉంటాయి, అందుకని అప్పట్లో అక్కడ ఎవరున్నారో ముందు తెలియాలి.

అద్దెవాసి:
జాబితాలో ఉంది, గ్రేడ్ 2. ఓనర్ గారు ఈ ఎండాకాలం చట్రానికి నల్ల పెయింట్ వేయిస్తానంటున్నారు, పాతకాలం లుక్కట.

నిట్టాడు:
ఆ నలుపు చాలావరకు విక్టోరియా కాలం మోజు. మీ వైపు ఓక్‌ని మామూలుగా వదిలేసేవారు, ఎండకి వెండి రంగు తిరుగుతుంది, లేదా గోడతో పాటే సున్నం కొట్టేవారు. లిస్టెడ్ ఇంటికి, అంటే ఆ జాబితాలో ఉన్న ఇంటికి, రూపం మార్చే పని అనుమతి లేకుండా చేస్తే నేరం, కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసర్‌కి ముందే ఒక మెయిల్ పెట్టమనండి.